గోడలో గోదావరి

కుళాయి ఎంత గట్టిగా కట్టినా టప్పు టప్పుమని చుక్కలు పడుతూ ఉండడం మీరందరూ చూసే ఉంటారు. రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక ఆ చప్పుడు మరీ పెద్దగా వినిపిస్తుంది. మా ఇంట్లో ఈ వేసవిలో అదే జరిగింది. ఆ చుక్క మాకు కొంత లెక్క నేర్పింది, కొంత సైన్సు నేర్పింది. నాకు మాత్రం ఈ రెండింటికంటే పెద్ద పాఠమే చెప్పింది. ఆ సంగతంతా మీకు చెబుతాను.

మాది రాజమహేంద్రవరం. ముప్ఫయి అయిదేళ్ళు పిల్లలకు లెక్కలూ, సైన్సూ చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. మా ఇల్లు పాతకాలపుది. నీటి గొట్టాలన్నీ ఇనపవి, గోడల్లో పూడ్చి ఉన్నవి. మా వంటింటికీ, పక్కింటి అక్కయ్యగారి స్నానాలగదికీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. ఈ ఉమ్మడి గోడను గుర్తుపెట్టుకోండి. దీనితో ముందుముందు పని ఉంది.

మా వంటింటి కుళాయి కారడం మొదలుపెట్టగానే నేను బలంకొద్దీ బిగించాను. రెండు రోజులు ఆగి మళ్ళీ కారింది. ఇంకా గట్టిగా బిగించాను. ఈసారి ఒక పూటే ఆగింది. మా ఆవిడ నవ్వి, "ఊళ్ళో పిల్లలందరి చేతా లెక్కలు చేయించారు. ఈ చుక్కల లెక్క ఎవరు చూస్తారు?" అన్నది.

ఆ పని మా మనవరాలు చేసింది. అది ఆరో తరగతి చదువుతున్నది. పావులీటరు గ్లాసు ఒకటి కుళాయి కింద పెట్టి, గడియారం చూస్తూ కూచున్నది. నిమిషానికి అరవై ఆరు చుక్కలు పడ్డాయి. గ్లాసు నిండడానికి సరిగా 15 నిమిషాలు పట్టింది.

"తాతయ్యా! పావుగంటకు పావులీటరు. అంటే గంటకు లీటరు. రోజుకు 24 లీటర్లు. నెలకు 720. ఏడాదికి 8,760 లీటర్లు. మన డాబామీద ట్యాంకు వెయ్యి లీటర్లదే కదా! ఏడాదికి దాదాపు తొమ్మిది ట్యాంకులు కారిపోతాయి!" అని అరిచింది.

నేను ఆశ్చర్యపోయాను. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి గనక నీళ్ళంటే నాకు కొంచెం అలుసే. కాని ఆ నీళ్ళు ఊరికే ఇంటికి రావు. వాటిని శుభ్రంచేసి పంపాలి. మోటారు పెట్టి డాబామీదికి ఎక్కించాలి. కారిపోయే ప్రతి లీటరుతోపాటు కొంత కరెంటు కూడా కారిపోతున్నదన్నమాట.

సరే, ప్లంబరు కోసం వెతకడం మొదలుపెట్టాను. మొదట ఒకతనికి ఫోను చేస్తే, "రేపు పొద్దున్నే వస్తానండి!" అన్నాడు. మరునాడు చేసినా అదే మాట. మూడో రోజునా అదే. అతని రేపు ఎన్నటికీ రాలేదు. రెండో అతను వచ్చాడు గాని, వంటింటి గుమ్మంలోనే నిలబడి, "ఇనప గొట్టాలా? అన్నీ పీకేసి కొత్తవి వేయించండి," అని నా రెండు నెలల పింఛనంత డబ్బు చెప్పాడు. కుళాయి ఒకసారి తిప్పి కూడా చూడలేదు. రోగి నాడి పట్టుకోకుండానే మందు రాసే వైద్యుడు ఎలాంటివాడో, ఇతనూ అలాంటివాడే.

అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. మా వీధిలో అందరికంటే ఎక్కువ నీళ్ళు వాడేది ఎవరు? మూలనున్న కాఫీ హోటలువారు. తెల్లవారుజామున నాలుగింటినుంచి అక్కడ కుళాయిలు తిరుగుతూనే ఉంటాయి. హోటలు యజమానిని అడిగితే, "ఒక కుర్రవాడున్నాడు మాస్టారూ. రెండేళ్ళ కిందట మాకు పనిచేసి వెళ్ళాడు. అతను చేసినచోట ఇంతవరకు చుక్క కారలేదు," అన్నాడు.

ఆ సాయంత్రమే అతను భుజాన సంచీ వేసుకుని వచ్చాడు. వయసు ముప్ఫయి ఉంటుంది. ఐ.టి.ఐ.లో ఏడాదిపాటు ప్లంబరు పని చదివి, ఆ తరవాత ఒక ముసలి మేస్త్రీ దగ్గర ఎనిమిదేళ్ళు పనిచేశాడట. సంచీలోంచి పానా తియ్యకముందే ప్రశ్నలు వేశాడు. కుళాయి ఎప్పటినుంచి కారుతున్నది? కట్టినప్పుడు కారుతున్నదా, విప్పినప్పుడు కూడా పిడి దగ్గర కారుతున్నదా? ట్యాంకు దగ్గర వాల్వులు ఎన్ని? అన్నీ విన్నాక డాబా ఎక్కి వంటింటి వాల్వు కట్టేసి, కిందికి వచ్చి కుళాయి విప్పాడు. లోపలినుంచి చిన్న నల్లటి రబ్బరు బిళ్ళ ఒకటి తీసి మా మనవరాలి చేతిలో పెట్టాడు.

"ఇదేనమ్మా వాషరు. కుళాయి కట్టినప్పుడు నీరు వచ్చే కంతను మూసేది ఇదే. చూడు, మధ్యలో గాడి పడింది. ఆ గాడిలోంచి నీరు దూరి వస్తున్నది," అన్నాడు. తరవాత నావైపు తిరిగి, "చాలా గట్టిగా బిగించారు మాస్టారూ! అలా బిగించేకొద్దీ వాషరు నలిగి గాడి ఇంకా లోతవుతుంది," అన్నాడు.

అంటే నేను చేసిన వైద్యం వల్లనే జబ్బు ముదిరింది!

ఇంత చిన్న సందులోంచి నీరు ఎందుకు రావాలి? దానికి కారణం ట్యాంకు ఎత్తు. నీటిమట్టం కుళాయికంటే పది మీటర్ల ఎత్తున ఉంటే, కుళాయి దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరుమీదా సుమారు ఒక కిలో బరువు పెట్టినంత ఒత్తిడి ఉంటుంది. మా ట్యాంకు అయిదు మీటర్ల ఎత్తున ఉంది గనక ఒత్తిడి సుమారు అరకిలో. ఆ అరకిలో బరువు పగలనక రాత్రనక నెడుతూనే ఉంటుంది. ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి నీరు బయటపడుతుంది.

కొత్త వాషరు ఖరీదు కొద్ది రూపాయలే. అది వెయ్యగానే కుళాయి నోరు మూసుకున్నది. పని అయిపోయిందని నేను లేవబోయాను. కాని అతను వెళ్ళలేదు. వంటింటి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ గోడకు మోకాలెత్తునుంచి నడుమెత్తుదాకా చెమ్మ పట్టి, సున్నం పెచ్చులుగా ఊడిపోతున్నది.

"ఈ చెమ్మ ఎక్కడిది మాస్టారూ?" అన్నాడు.

"అది పక్కింటివారిదిలే. వాళ్ళ స్నానాలగది నీరు ఇటు దిగుతున్నది," అన్నాను.

"మీకెలా తెలుసు?" అని అడిగాడు.

బాలలూ! "నీకెలా తెలుసు?" అన్న ప్రశ్న నేను ముప్ఫయి అయిదేళ్ళు బడిలో అడిగినదే. ఏ పిల్లవాడైనా రుజువు లేకుండా జవాబు చెబితే వెంటనే ఆ మాట అనేవాణ్ణి. ఇప్పుడు అదే ప్రశ్న నన్నడిగితే నా దగ్గర జవాబు లేదు. అవతల స్నానాలగది ఉంది గనక నీరు అక్కడిదే అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు కూడా. రెండు నెలల కిందట వీధిలో నలుగురూ వింటుండగా, "మీ స్నానాలగది మా గోడను తినేస్తున్నదండీ!" అని అక్కయ్యగారితో అన్నాను. ఆవిడ ఒంటరిమనిషి. కొద్దిపాటి పింఛనుతో కాలక్షేపం చేస్తున్నది. మారుమాటాడకుండా మర్నాడే తాపీమేస్త్రీని పిలిపించి, మూడు వేల రూపాయలు ఖర్చుపెట్టి స్నానాలగది సందులన్నీ సిమెంటుతో పూయించింది. అయినా మా గోడ ఆరలేదు. అప్పుడైనా నా ఊహ తప్పేమోనని అనుమానించాలా? లేదు. ఆ తాపీమేస్త్రీ పని సరిగా చెయ్యలేదనుకున్నాను!

ప్లంబరు నాతో వాదించలేదు. "ఈ రాత్రి ఒక చిన్న పని చెయ్యండి. ట్యాంకు నింపి మోటారు ఆపెయ్యండి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టెయ్యండి. పొడి కర్ర ఒకటి ట్యాంకు అడుగుదాకా నిలువునా దించి, ఎంతవరకు తడిసిందో గీత పెట్టండి. తెల్లవారేదాకా ఎవరూ నీళ్ళు వాడవద్దు. పొద్దున మళ్ళీ కొలవండి. ఎల్లుండి వస్తాను," అని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి పది గంటలకు నేనూ, మా మనవరాలూ లాంతరు పట్టుకుని డాబా ఎక్కి కర్రమీద గీత పెట్టాం. తెల్లవారి అయిదు గంటలకు చూస్తే తడి 3 సెంటీమీటర్లు కిందికి దిగింది!

మూడు సెంటీమీటర్లే కదా అనుకుంటున్నారా? లెక్క వెయ్యండి. మా ట్యాంకు గుండ్రంగా ఉంటుంది. వ్యాసం 110 సెంటీమీటర్లు. సగం 55. దాన్ని 55తో హెచ్చవేసి, మళ్ళీ 3.14తో హెచ్చవేస్తే వైశాల్యం సుమారు 9,500 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 3తో హెచ్చవేస్తే 28,500 ఘన సెంటీమీటర్లు. వెయ్యి ఘన సెంటీమీటర్లు ఒక లీటరు గనక 28 లీటర్ల పైచిలుకు. ఏడు గంటల్లో 28 లీటర్లంటే గంటకు 4 లీటర్లు, రోజుకు 96.

చూశారా! కళ్ళెదుట టప్పు టప్పుమని కారి మా అందరికీ నిద్ర లేకుండా చేసిన కుళాయి రోజుకు పోగొట్టినది 24 లీటర్లు. చప్పుడు చెయ్యకుండా ఎక్కడో కారుతున్నది దానికి నాలుగింతలు!

ఇక ఆ కారేది ఎక్కడ? మా ట్యాంకునుంచి మూడు గొట్టాలు దిగుతాయి. ఒకటి వంటింటికి, ఒకటి స్నానాలగదికి, ఒకటి పెరటికి. మూడింటికీ పైన వాల్వులున్నాయి. రెండో రాత్రి మూడూ కట్టేశాం. కర్రమీద తడి దిగలేదు. అంటే ట్యాంకుకు చిల్లి లేదన్నమాట. మూడో రాత్రి స్నానాలగది వాల్వు ఒక్కటే విప్పాం. దిగలేదు. నాలుగో రాత్రి పెరటిది ఒక్కటే విప్పాం. దిగలేదు.

"ఇంక చూడనక్కరలేదు తాతయ్యా, వంటింటిదే!" అన్నది మా మనవరాలు.

"అలా అనుకునే నేను తప్పు చేశాను. చూసే చెబుదాం," అన్నాను. అయిదో రాత్రి వంటింటి వాల్వు ఒక్కటే విప్పి ఉంచాం. పొద్దుటికి మళ్ళీ సరిగా 3 సెంటీమీటర్లు దిగింది.

ఒక్కసారి ఒక్కటే మార్చడం, తక్కినవన్నీ అలాగే ఉంచడం. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు చేసే పని ఇదే. మా ప్లంబరు దాన్ని పొడి కర్ర ఒక్కటి పెట్టి చేయించాడు.

అతను మరునాడు వచ్చి, వంటింటి గొట్టం వెళ్ళే దారి వెంట గోడను సుత్తి పిడితో తట్టి చూసి, నేలకు జానెడు ఎత్తున ఒకేచోట పగలగొట్టాడు. అక్కడ గొట్టం వంపు తిరిగే అతుకు తుప్పుపట్టి ఉంది. దానిమీద గుండుసూది మొనంత చిల్లి. అందులోంచి సన్నని నీటిధార గోడలోకి కొడుతున్నది. మా ఆవిడ అది చూసి, "గోదావరిని గోడలోనే పెట్టుకుని ఊళ్ళో వెతికారు!" అన్నది.

ఇక్కడ రెండు సందేహాలు రావాలి మీకు. గొట్టం అతుకు దగ్గరే ఎందుకు తుప్పుపట్టింది? ఇనుము తుప్పుపట్టకుండా గొట్టానికి తుత్తునాగం, అంటే జింకు, పూతపూస్తారు. అతికేటప్పుడు చివర మరలు కోస్తారు కదా, అక్కడ పూత లేచిపోతుంది. తుప్పు అక్కడ దారి చేసుకుంటుంది. ఇక చిల్లి జానెడు ఎత్తున ఉంటే చెమ్మ నడుమెత్తుదాకా ఎలా ఎక్కింది? ఇటుకలో కంటికి కనబడని సన్నని సందులుంటాయి. ప్రమిదలోని నూనె వత్తి వెంట పైకి పాకినట్టే నీరు వాటివెంట పైకి పాకుతుంది. అందుచేత చెమ్మ కనిపించినచోటే చిల్లి ఉంటుందని అనుకోరాదు.

అతను కుళ్ళిన ముక్క కోసి, కొత్త ముక్క అతికాడు. మరలమీద తెల్లటి పల్చని టేపు ఒకటి చుట్టాడు. పూర్వం దానికి బదులు జనపనార చుట్టేవారు. ఈ టేపుకు ఒక వింత కథ ఉంది. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక ఉక్కు సిలిండరు మర విప్పితే లోపలి వాయువు బయటికి రాలేదు. కారిపోయిందేమోనని తూచి చూస్తే బరువు తగ్గలేదు! సిలిండరును కోయించి చూడగా లోపల తెల్లటి పొడి ఉన్నది. వాయువే అలా పొడిగా మారింది. అదే టెఫ్లాన్. కారిపోయిందని ఆయన ఊరికే అనుకుని సిలిండరు అవతల పారేసి ఉంటే ఆ పదార్థం ఆనాడు దొరికేది కాదు.

పని జరుగుతుండగా మా మనవరాలు, "తాతయ్యా, ఇంగ్లీషులో ప్లంబరు అని రాసేటప్పుడు నడుమ పలకని 'బి' ఒకటి ఎందుకు?" అని అడిగింది. దానికి జవాబు రోము నగరంలో ఉంది. రోమనులు నీటి గొట్టాలు సీసంతో చేసేవారు. లాటిన్ భాషలో సీసాన్ని ప్లంబమ్ అంటారు. సీసం పని చేసేవాడు ప్లంబరు. రసాయన శాస్త్రంలో సీసానికి 'పి.బి.' అనే గుర్తు కూడా అందుకే. సీసం శరీరంలో చేరితే, ముఖ్యంగా చిన్నపిల్లలకు, చాలా హాని అని తెలిశాక మంచినీటికి ఆ గొట్టాలు వెయ్యడం మానేశారు. సీసం పోయినా పేరు మిగిలింది. ఆ రోములోనే క్రీ.శ. 97లో నీటి సరఫరా చూడడానికి ఫ్రాంటినస్ అనే ఆయనను నియమించారు. ఆయన నీటిని కొలిపించి చూస్తే, దస్తరాల్లో రాసిన లెక్కకూ, కొలిచిన లెక్కకూ పొత్తు కుదరలేదు. ఆరా తీస్తే కొంత నీరు కారిపోతున్నది, కొంత నీటిని దొంగచాటుగా గొట్టాలకు చిల్లులు పొడిచి తీసుకుంటున్నారు! ఆయన ఈ సంగతులన్నీ ఒక గ్రంథంగా రాసిపెట్టాడు.

గొట్టం బాగుపడింది. ప్లంబరు గోడను వెంటనే పూడ్చనివ్వలేదు. ఒక రోజు ఆగి, అతుకు పొడిగా ఉన్నదని చూశాకనే సిమెంటు పెట్టించమన్నాడు. సామాన్లకు ఎంత, కూలికి ఎంత అని విడివిడిగా చెప్పి డబ్బు తీసుకుని వెళ్ళాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, అయిపోవాలని కోరుకున్నాను. కాని మా మనవరాలు నా పక్కన కూచుని మెల్లిగా, "తాతయ్యా! పక్కింటి మామ్మగారికి చెప్పవా?" అన్నది.

నేను వెంటనే లేవలేకపోయాను. అరవై ఏళ్ళు దాటినవాణ్ణి, ఊళ్ళో సగంమంది చేత మాస్టారూ అనిపించుకునేవాణ్ణి, వెళ్ళి తప్పయిందని చెప్పడమా అనిపించింది. కాని నింద వేసేటప్పుడు నలుగురిలో వేశాను. ఒప్పుకునేటప్పుడు గదిలో నోరు మూసుకుంటే అది ఏం న్యాయం? ఆ సాయంత్రం మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళాను. అక్కయ్యగారు అరుగుమీద మరి ఇద్దరితో మాట్లాడుతున్నది. వాళ్ళ ఎదుటనే, "అక్కయ్యగారూ, కారినది మా గొట్టమే. మీమీద ఊరికే నింద వేశాను. నన్ను క్షమించాలి," అని చెప్పి, మూడు వేల రూపాయలు ఇచ్చాను.

ఆవిడ కాస్సేపు ఏమీ అనలేదు. తరవాత డబ్బు లెక్కపెట్టి కొంగున ముడివేసుకున్నది. నా మనసు కుదుటపడింది. వద్దని ఉంటే ఆ బరువు నామీదే ఉండేది. అప్పుడావిడ నవ్వి, "ఆ కర్ర ఏదో ఉన్నదట కదా మాస్టారూ, ఒకసారి ఇలా ఇప్పించండి. మా ట్యాంకు కూడా చూసుకుంటాను," అన్నది. మా మనవరాలు పరుగున వెళ్ళి తెచ్చి ఇచ్చింది. ఆ కర్ర ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంది.

పెద్దవారికి నాలుగు మాటలు. ప్లంబరు కావలసివచ్చినప్పుడు ఫోనులో వెతకండి, తప్పులేదు. కాని అతను ఏడాది కిందట ఎవరింట్లో పనిచేశాడో అక్కడ కూడా అడగండి. చూడకముందే ధర చెప్పేవాణ్ణి నమ్మకండి. సామాను ఖర్చూ, కూలీ విడివిడిగా మాట్లాడుకోండి. తీసేసిన పాత ముక్క అడిగి చూడండి. అన్నిటికంటే ముందు, ఏ వాల్వు కడితే ఏ నీరు ఆగుతుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. గొట్టం పగిలిన రోజున ప్లంబరు వచ్చేలోగా ఇల్లు కాపాడేది అదే.

ఇక పిల్లలూ, మీకు పని. ఈ రాత్రి మీ అమ్మానాన్నలను వెంటబెట్టుకునే డాబా ఎక్కి కర్ర పరీక్ష చెయ్యండి. ఒంటరిగా ఎక్కకూడదు సుమా! పరీక్ష అయ్యాక ట్యాంకు మూత గట్టిగా వెయ్యాలి. పాయిఖానా నీళ్ళ డబ్బాలో నాలుగు చుక్కలు సిరా వేసి, పావుగంట ఎవరూ వాడకుండా చూడండి. డబ్బా నొక్కకుండానే రంగు కిందికి దిగితే అదీ కారుతున్నట్టే. మీకు వచ్చిన లెక్క కాగితంమీద రాసి ఇంట్లో అందరికీ చూపించండి. ఎవరైనా, "అబ్బే, మనింట్లో ఏమీ కారడంలేదు," అంటే, కోపం తెచ్చుకోకుండా మెల్లిగా, "మీకెలా తెలుసు?" అని అడగండి.